బెంచి దగ్గర: “కనెక్ట్ అవడం లేదు మేడమ్!”

ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నీ ముందు పెట్టుకుని చూస్తే ఎక్కువ మందిది ఒకటే గోడు. ప్రోగ్రామ్ ఎక్కిద్దామంటే మైక్రోకంట్రోలర్ బోర్డు (చిన్న కంప్యూటర్ లాంటి చిప్ ఉన్న సర్క్యూట్ బోర్డు) కంప్యూటర్‌కి కనెక్ట్ అవడం లేదట. పాలిటెక్నిక్ ల్యాబ్‌లో ఉద్యోగం చేసిన ఇరవై ఆరేళ్లూ ఈ మాట వింటూనే ఉన్నాను. “స్క్రీన్ మీద ఏం పడిందో చదివావా?” అని అడిగితే చాలామంది తల దించుకునేవాళ్లు. ఎర్ర అక్షరాలు కనిపించగానే ఏదో తప్పు చేసినట్టు గబుక్కున విండో మూసేస్తారు. మూయకండి. ఆ అక్షరాలను ఉన్నవి ఉన్నట్టు కాగితం మీద రాసి పంపితే నా పని సగం అయిపోతుంది. మొదటి ఉత్తరం రాసిన కుర్రాడు ఆ పని చేశాడు, అందుకే అతనికే ముందు జవాబు.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది భీమవరం దగ్గర పల్లె. నాన్నకి రొయ్యల చెరువు ఉంది. ఈఎస్‌పీ32 బోర్డుతో నీటి వేడి చూసి, ఏరేటర్ ఆగిపోతే నాన్న ఫోన్‌కి మెసేజ్ పంపే పెట్టె ఒకటి తయారు చేస్తున్నాను. బోర్డు ఒక్కటే ఉన్నప్పుడు ప్రోగ్రామ్ మొదటిసారే ఎక్కింది. తర్వాత డీఎస్‌18బీ20 సెన్సర్‌ని జీపీఐఓ 2 అనే పిన్నుకి కలిపాను. ఉష్ణోగ్రత బాగానే చూపిస్తోంది. కానీ ప్రోగ్రామ్‌లో చిన్న మార్పు చేసి మళ్లీ ఎక్కించబోతే ఎక్కడం లేదు. బూట్ బటన్ నొక్కి పట్టుకున్నా అంతే. సెన్సర్ పసుపు వైరు పీకేసి చూసినా అంతే. మూడు కేబుళ్లు మార్చాను. ప్రతిసారీ ఇలా వస్తోంది: “ఫెయిల్డ్ టు కనెక్ట్ టు ఈఎస్‌పీ32: రాంగ్ బూట్ మోడ్ డిటెక్టెడ్ (0ఎక్స్‌బి)! ద చిప్ నీడ్స్ టు బి ఇన్ డౌన్‌లోడ్ మోడ్.” బోర్డు పోయినట్టేనా? చాలా టెన్షన్‌గా ఉంది.
— ఒక డిగ్రీ విద్యార్థి, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: బోర్డు నిక్షేపంలా ఉంది బాబూ. కేబుళ్ల మీద ఇంక డబ్బు తగలేయకండి.

మీకు వచ్చిన మెసేజ్‌ని ఒకసారి నిదానంగా చూడండి. “బూట్ మోడ్ 0ఎక్స్‌బి” అన్న సంగతి ల్యాప్‌టాప్‌కి ఎలా తెలిసింది? చిప్పే చెప్పింది. ఈఎస్‌పీ32 రీసెట్ అయిన మరుక్షణం, మీ ప్రోగ్రామ్ మొదలవకముందే, తను ఏ స్థితిలో లేచిందో 1,15,200 వేగంతో సీరియల్ లైన్ మీద ఒక వాక్యం పంపుతుంది. ఎక్కించే సాఫ్ట్‌వేర్ దాన్ని చదివి మీకు చూపిస్తోంది. అంటే కేబుల్ బాగుంది, డ్రైవర్ బాగుంది, పోర్టు సరైనదే, వేగం కుదిరింది, చిప్ బతికే ఉంది. మీరు ఇన్నాళ్లూ అనుమానిస్తున్నవన్నీ ఈ ఒక్క మెసేజ్‌తో కొట్టుకుపోయాయి.

మిగిలింది ఆ ‘బి’ ఒక్కటే. పదహారు అంకెల లెక్కలో (ముందున్న 0ఎక్స్ దానికి గుర్తు) బి అంటే 11. రీసెట్ సమయంలో చిప్ కొన్ని పిన్నుల వైపు చూసి, ఏది హైలో (3.3 వోల్టుల దగ్గర) ఉందో ఏది లోలో (సున్నా దగ్గర) ఉందో గుర్తు పెట్టుకుంటుంది. ఒక్కో పిన్నుకి ఒక్కో విలువ. జీపీఐఓ 5కి 1, జీపీఐఓ 15కి 2, జీపీఐఓ 4కి 4, జీపీఐఓ 2కి 8, జీపీఐఓ 0కి 16, జీపీఐఓ 12కి 32. హైలో ఉన్నవాటిని కూడితే ఆ సంఖ్య వస్తుంది. మీ 11ని విడదీయండి: 8, 2, 1. ఇందులో 1, 2 మామూలుగా ఉండేవే. 16 లేదు, అంటే జీపీఐఓ 0 లోకి దిగింది, మీరు నొక్కిన బూట్ బటన్ తన పని తాను చేసింది. ఉండకూడనిది 8. అది జీపీఐఓ 2, మీరు సెన్సర్ కలిపిన పిన్ను.

సీరియల్ ద్వారా ప్రోగ్రామ్ తీసుకోవాలంటే ఈఎస్‌పీ32కి జీపీఐఓ 0 లోలో ఉండటం ఒక్కటే చాలదు. జీపీఐఓ 2 కూడా లోలో ఉండాలి, లేదా దానికి ఏమీ తగలకుండా వదిలేయాలి. ఉన్న ప్రోగ్రామ్‌ని నడపడానికైతే జీపీఐఓ 2 ఎలా ఉన్నా దానికి పట్టదు. అందుకే మీ పాత ప్రోగ్రామ్ చక్కగా నడుస్తోంది, కొత్తది మాత్రం ఎక్కడం లేదు.

పసుపు వైరు పీకేసినా ఎందుకు ఎక్కలేదంటారా? ఇది నాకు భలే నచ్చిన చోటు. డీఎస్‌18బీ20 కలిపేటప్పుడు డేటా వైరుకీ 3.3 వోల్టులకీ మధ్య 4.7 కె రెసిస్టర్ పెడతాం కదా. మీరు సెన్సర్ పీకారు, రెసిస్టర్‌ని బ్రెడ్‌బోర్డు మీదే వదిలేసి ఉంటారు. జీపీఐఓ 2ని పైకి లాగుతున్నది సెన్సర్ కాదు, ఆ రెసిస్టరే. చిప్ లోపల దాన్ని కిందికి లాగే ఏర్పాటు ఉంది కానీ అది బలహీనం, 4.7 కె ముందు నిలవదు. మీ ఉత్తరంలో రెసిస్టర్ మాటే లేదు. కానీ ఉష్ణోగ్రత సరిగ్గా వస్తోందంటే అది అక్కడ ఉన్నట్టే.

చేయాల్సింది చెబుతాను. జీపీఐఓ 2 దగ్గర ఉన్న వైరూ రెసిస్టరూ రెండూ తీసి ఒకసారి ఎక్కించి చూడండి. ఎక్కితే నా లెక్క సరైనట్టే. ఆ తర్వాత రెండింటినీ శాశ్వతంగా జీపీఐఓ 27కి మార్చేసి, ప్రోగ్రామ్‌లో 2 అని ఉన్నచోట 27 అని రాయండి. 34 నుంచి 39 వరకు ఉన్న పిన్నులకు మాత్రం మార్చకండి. అవి వినగలవు గానీ మాట్లాడలేవు. ఈ సెన్సర్‌కి ఒకే వైరు మీద అడగడమూ వినడమూ రెండూ కావాలి. 6 నుంచి 11 వరకు ఉన్నవి ఫ్లాష్ మెమరీ సొంతం, వాటి జోలికి పోవద్దు. 1, 3 ఈ సీరియల్ లైన్‌వే.

పనిలో పని, మోటారుని ఆన్, ఆఫ్ చేసే రిలే ఇంకా పెట్టలేదనుకుంటాను. దాన్ని జీపీఐఓ 12 మీద పెట్టకండి. కొన్ని రిలే మాడ్యూళ్లు ఆ పిన్నుని పైకి లాగుతాయి. రీసెట్ సమయంలో 12 హైలో ఉంటే, తన ఫ్లాష్ మెమరీ 1.8 వోల్టుల రకమనుకుని చిప్ ఆ వోల్టేజీ ఇస్తుంది. మీ బోర్డు మీద ఉన్నది 3.3 వోల్టుల రకం. అప్పుడు “ఫ్లాష్ రీడ్ ఎర్రర్ 1000” అంటూ మళ్లీ మళ్లీ రీసెట్ అవుతుంది. మీరు మళ్లీ నాకు ఉత్తరం రాస్తారు.

ఇదే బోర్డు వాడే మిగతా పాఠకులకి ఒక మాట. మీకు 0ఎక్స్‌బి కాకుండా 0ఎక్స్13 అని వస్తే కథ వేరు. పదహారు అంకెల లెక్కలో 13 అంటే మన 19, అంటే 16, 2, 1. జీపీఐఓ 0 అసలు కిందికి దిగలేదన్నమాట. స్క్రీన్ మీద చుక్కలు పడుతుండగా బూట్ బటన్ నొక్కి పట్టుకుని, రాయడం మొదలయ్యాక వదలండి. ప్రతిసారీ అలా నొక్కడం విసుగనిపిస్తే చిప్‌ని రీసెట్ చేసే ఈఎన్ పిన్నుకీ గ్రౌండ్‌కీ మధ్య 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి పెట్టండి, ప్లస్ కాలు ఈఎన్ వైపు. ల్యాప్‌టాప్ నుంచి వచ్చే డీటీఆర్, ఆర్‌టీఎస్ అనే రెండు లైన్లే రెండు ట్రాన్సిస్టర్ల సాయంతో చిప్‌ని రీసెట్ చేసి జీపీఐఓ 0ని నొక్కుతాయి. కొన్ని బోర్డుల్లో ఆ నొక్కుడు పడేలోపే చిప్ లేచిపోతుంది. కెపాసిటర్ ఉంటే అది లేవడం కాస్త ఆలస్యమవుతుంది, అంతే.

గట్టు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని ఎక్కించే అలవాటుంటే మానుకోండి. ఏరేటర్ కాంటాక్టర్ టక్కున పడినప్పుడల్లా యూఎస్‌బీ పోర్టు ఊడిపోయి మళ్లీ వస్తుంటుంది, సగం ఎక్కిన ప్రోగ్రామ్ సగంలోనే పోతుంది. ఇంట్లో ఎక్కించుకుని వెళ్లండి. పెట్టె పనిచేశాక నాన్నగారు ఏమన్నారో రాయండి.

ప్రశ్న: మా పాలిటెక్నిక్‌లో ఎల్‌పీసీ2148 అనే ఏఆర్‌ఎం చిప్ ఉన్న బోర్డులు పన్నెండు ఉన్నాయి. పాత కంప్యూటర్లకు వెనకాల కామ్ పోర్టు ఉండేది, ఏ ఇబ్బందీ లేదు. ఇప్పుడు కొత్త కంప్యూటర్లు వచ్చాయి, వాటికి ఆ పోర్టు లేదు. యూఎస్‌బీ నుంచి సీరియల్‌కి మార్చే కేబుళ్లు తెప్పించాం. కొన్నింటికి డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు పడుతోంది. కొన్నింటికి ప్రోగ్రామ్ ఎక్కించే ఫ్లాష్ మ్యాజిక్ సాఫ్ట్‌వేర్‌లో “ఫెయిల్డ్ టు ఆటోబాడ్, స్టెప్ 1” అంటోంది. ఒక కంప్యూటర్ మీద మాత్రం ప్రోగ్రామ్ ఎక్కుతోంది, కానీ టెర్మినల్ తెరిస్తే బోర్డు నుంచి ఒక్క అక్షరం రాదు. వచ్చే నెలలో ప్రాక్టికల్స్ ఉన్నాయి.
— ల్యాబ్ ఇన్‌చార్జి, కరీంనగర్ జిల్లా

జవాబు: సార్, మీరు ఒకే జబ్బు అనుకుంటున్నారు. అవి మూడు. విడివిడిగా చూద్దాం.

పసుపు గుర్తున్న కేబుళ్లలో చాలావరకు పీఎల్‌2303 చిప్ పాత రకం ఉంటుంది. ఆ రకాన్ని 2012లోనే ఆపేశారు, కొత్త విండోస్‌కి వచ్చే డ్రైవర్ దాన్ని ఒప్పుకోదు. డ్రైవర్ పేరు దగ్గర ఆ మాటే రాసి ఉంటుంది, చూడండి. వాటి కోసం పాత డ్రైవర్లు వెతుకుతూ రాత్రుళ్లు కూర్చోవద్దు. పక్కన పెట్టేసి, ఎఫ్‌టీ232 గానీ సీపీ2102 గానీ సీహెచ్340 గానీ ఉన్నవి తెప్పించండి. కొనేటప్పుడు చివర్లో 9 పిన్నుల కనెక్టర్ ఉన్నదే అడగండి. నాలుగు రంగుల వైర్లు వేలాడే రకం 3.3 లేదా 5 వోల్టులది, మీ బోర్డు మీది ఆర్‌ఎస్-232 (పాత కామ్ పోర్టు పద్ధతి) సాకెట్‌కి అది పనికిరాదు.

రెండోది, “స్టెప్ 1”. మొదటి పలకరింపుకే బోర్డు నుంచి జవాబు రాలేదని దాని అర్థం. కంప్యూటర్ ‘?’ అనే ఒక్క అక్షరం పంపి, “సింక్రనైజ్డ్” అన్న మాట కోసం ఎదురు చూస్తుంది. రాలేదంటే ఆ ప్రశ్నార్థకం ఎక్కడో దారిలో పోయిందన్నమాట, లేదా అవతల వినేవాడు మేలుకుని లేడు. ముందు దారి సంగతి చూద్దాం. దీనికి నా దగ్గర ఉన్న పనిముట్టు ఒక జెమ్ క్లిప్. కేబుల్‌ని బోర్డు నుంచి విప్పేసి, 9 పిన్నుల వైపు 2, 3 నంబర్ల పిన్నులను క్లిప్‌తో కలపండి. అయిదు పిన్నుల వరస పైకి ఉండేలా పట్టుకుని ఎదురుగా చూస్తే ఎడమ చివరిది 1. టెర్మినల్ తెరిచి, ఫ్లో కంట్రోల్, లోకల్ ఎకో (టైపు చేసినదాన్ని టెర్మినలే చూపించడం) రెండూ తీసేసి ఏదైనా టైపు చేయండి. టైపు చేసిందే తిరిగి కనిపిస్తే కంప్యూటరూ డ్రైవరూ కేబులూ మూడూ బాగున్నట్టు. క్లిప్ తీసేయగానే అక్షరాలు రావడం ఆగిపోవాలి, అది కూడా చూడండి. ఆగకపోతే మీరు చూస్తున్నది ఎకోని.

అక్కడ బాగుంటే మల్టీమీటర్ తీయండి. కేబుల్‌ని బోర్డుకి కలిపి, పవర్ ఇచ్చి, ఏమీ పంపకుండా 5 నంబర్ పిన్ను మీద నల్ల ప్రోబ్ పెట్టండి. ఎర్రది 2 మీద ఒకసారి, 3 మీద ఒకసారి. ఊరికే ఉన్నప్పుడు ఆర్‌ఎస్-232 లైన్ మైనస్‌లో ఉంటుంది, కాబట్టి రెండు చోట్లా అయిదారు వోల్టులో అంతకన్నా ఎక్కువో మైనస్ కనిపించాలి. ఒకదాన్ని కంప్యూటర్ నడుపుతుంది, రెండోదాన్ని బోర్డు మీది మ్యాక్స్232 (ఆర్‌ఎస్-232 వోల్టేజీలకి మార్చే చిప్). ఒకచోట మైనస్ ఉండి రెండోచోట దాదాపు సున్నా ఉంటే, ఇద్దరూ ఒకే వైరులో మాట్లాడుతున్నారు, రెండో వైరులో ఎవరూ లేరు. మధ్యలో ఎవరో క్రాస్ కేబుల్ (లోపల 2, 3 తీగలు తారుమారైనది) పెట్టారన్నమాట. పాత కేబుళ్ల డబ్బాలో రెండు రకాలూ కలిసిపోయి ఉంటాయి, పైకి చూస్తే తేడా తెలియదు. మీటర్‌తో తేల్చి, క్రాస్ వాటికి ఎర్ర ఇన్సులేషన్ టేప్ చుట్టి పెట్టండి.

దారి బాగుంటే ఇక వినేవాడి సంగతి. రీసెట్ వదిలే సమయంలో పీ0.14 పిన్ను లోలో ఉంటేనే ఈ చిప్ ప్రోగ్రామ్ తీసుకోవడానికి సిద్ధమవుతుంది. రీసెట్ వదిలిన తర్వాత ఆ పిన్నుని చూడటానికి దానికి 3 మిల్లీసెకన్ల దాకా పట్టవచ్చు. చేత్తో చేసేటప్పుడు ఐఎస్‌పీ బటన్ (పీ0.14ని లోకి దించేది) ముందు నొక్కి, రీసెట్ నొక్కి వదిలి, ఆ తర్వాతే ఐఎస్‌పీ వదలమని పిల్లలకి చెప్పండి. ఇద్దరు పిల్లలు చెరొక బటన్ నొక్కడం మా ల్యాబ్‌లో మామూలు దృశ్యం. ఒకడు ఎప్పుడూ తొందరపడేవాడు.

మూడోది ఆ ఒక్క కంప్యూటర్. అక్కడ బోర్డు మీద రెండు జంపర్లు పెట్టి ఉంటారు. డీటీఆర్ లైన్ రీసెట్‌ని, ఆర్‌టీఎస్ లైన్ పీ0.14ని నడిపేవి. ఫ్లాష్ మ్యాజిక్‌కి వాటిని ఎప్పుడు వదలాలో తెలుసు. మామూలు టెర్మినల్ ప్రోగ్రామ్‌కి తెలియదు. పోర్టు తెరవగానే రెండు లైన్లనూ నొక్కి కూర్చుంటుంది. టెర్మినల్ తెరిచి ఉన్నంతసేపూ మీ బోర్డు రీసెట్‌లోనే ఉంటుంది, ఇంక అక్షరం ఎక్కడి నుంచి వస్తుంది? ప్రోగ్రామ్ ఎక్కాక జంపర్లు తీసేయండి. లేదా డీటీఆర్, ఆర్‌టీఎస్‌లను వదిలేసే వీలున్న టెర్మినల్ వాడండి. ఫ్లాష్ మ్యాజిక్‌లోనే ఒకటి ఉంది.

ఇవన్నీ సరిచేశాక కూడా ఒక బోర్డు మొండికేస్తే క్రిస్టల్ (చిప్‌కి గడియారంలా పనిచేసే భాగం) మీద రాసింది చదవండి. ఇది చెప్పకపోతే నాకు మనసొప్పదు. 2006లో, ఎక్స్‌టర్నల్ పరీక్షకి రెండు రోజుల ముందు, మా 8051 బోర్డుల్లో నాలుగింటికి క్రిస్టళ్లు పోయాయి. అటెండర్‌ని హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీకి పంపాం. 11.0592 మెగాహెర్ట్జ్‌వి తెమ్మన్నాం. దుకాణంలో అవి అయిపోయాయట, “పన్నెండు ఇస్తా, దాదాపు అదే కదా” అన్నాడట. మా వాడు తెచ్చేశాడు. నేను కూడా చూసుకోకుండా టంకం వేసేశాను. సాయంత్రం టెర్మినల్‌లో “హలో” రావాల్సిన చోట ప్రశ్నార్థకాలూ గళ్లూ పిచ్చి గీతలూ వచ్చాయి. రాత్రి తొమ్మిదింటి దాకా వైర్లు మార్చాను, మ్యాక్స్232లు మార్చాను.

చివరికి కాగితం మీద లెక్క వేశాక తెలిసింది. 8051లో వేగం రావాలంటే క్రిస్టల్‌ని 12తో, 32తో, టైమర్‌లో పెట్టిన 3తో భాగిస్తాం. 11.0592ని భాగిస్తే సరిగ్గా 9,600 వస్తుంది. ఆ వింత సంఖ్య పుట్టిందే అందుకు. 12ని భాగిస్తే 10,416 వస్తుంది, దాదాపు ఎనిమిదిన్నర శాతం ఎక్కువ. 9,600 దగ్గర ఒక్కో బిట్‌కి 104 మైక్రోసెకన్లు. మా బోర్డు 96కే ఒక బిట్ వదిలేస్తోంది. మొదటి బిట్లు సర్దుకుపోతాయి గానీ తేడా పేరుకుంటూ పోయి, స్టార్ట్ బిట్‌తో కలిపి ఏడో బిట్‌కి వచ్చేసరికి కంప్యూటర్ పక్క బిట్‌ని చదివేస్తుంది. ఆ రోజు నుంచి పిల్లలకి ఒకటే చెప్పేదాన్ని: చెత్త అక్షరాలు వస్తే సంతోషించండి. వైరు బాగున్నట్టు, వేగం ఒక్కటే తేడా ఉన్నట్టు. ఏమీ రాకపోతేనే వైరు పట్టుకోండి.

మీ ల్యాబ్‌లో 8051 బోర్డులకి 11.0592, ఈ ఏఆర్‌ఎం బోర్డులకి 12 ఉండి ఉంటాయి. ఫ్లాష్ మ్యాజిక్‌లో ఆసిలేటర్ అని ఉన్న గడిలో ఆ బోర్డు క్రిస్టల్ మీద ఉన్న అంకే ఉండాలి. ఒక బ్యాచ్ పిల్లలు మార్చి వెళ్తే తర్వాతి బ్యాచ్ దాన్ని చూసుకోదు.

ప్రశ్న: నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజిక్స్ టీచర్‌ని. మా బడికి అటల్ టింకరింగ్ ల్యాబ్ వచ్చింది. ల్యాప్‌టాప్‌లలో ఉబుంటు 22.04 ఉంది. ల్యాబ్‌తో వచ్చిన ఆర్డుయినో ఊనో బోర్డులు పనిచేస్తున్నాయి. పిల్లలు విరగ్గొడితే పనికొస్తాయని చవకలో కొన్న ఊనోలు మాత్రం, కలపగానే పోర్టు ఒక్క క్షణం కనిపించి మాయమైపోతోంది. నకిలీ సరుకు అంటగట్టారా?
— ఒక ఉపాధ్యాయిని, శ్రీకాకుళం జిల్లా

జవాబు: సరుకు తప్పు కాదమ్మా. అసలు ఊనోలో యూఎస్‌బీ పనిని ఏటీమెగా16యూ2 చూసుకుంటుంది. చవక బోర్డుల్లో ఆ పని సీహెచ్340 చేస్తుంది. చిక్కంతా ఈ సీహెచ్340కి ఉన్న యూఎస్‌బీ గుర్తింపు సంఖ్యతో. చూపు లేనివాళ్లు వాడే బ్రెయిలీ డిస్‌ప్లేల్లో కొన్నింటికి కూడా ఇదే సంఖ్య ఉంది. ఉబుంటులో బీఆర్‌ఎల్‌టీటీవై (brltty) అనే సాఫ్ట్‌వేర్ అలాంటి డిస్‌ప్లే కోసం కాచుకుని ఉంటుంది. మీ బోర్డు కలపగానే, “వచ్చింది నా డిస్‌ప్లే” అని లాగేసుకుంటుంది. పోర్టు మాయం.

నిజమో కాదో మీరే చూడొచ్చు. బోర్డు కలిపి, టెర్మినల్‌లో కెర్నల్ సందేశాలు చూపించే డీమెసేజ్ ఆదేశం (sudo dmesg) ఇవ్వండి. చివరి వరసల్లో సీహెచ్341 (సీహెచ్340ని నడిపే డ్రైవర్ పేరు) పక్కన బీఆర్‌ఎల్‌టీటీవై పేరు కనిపిస్తే దొంగ దొరికినట్టే. మీ బడిలో బ్రెయిలీ డిస్‌ప్లే వాడే పిల్లలెవరూ లేకపోతే ఆ ప్యాకేజీని తీసేసి, బోర్డుని ఒకసారి విప్పి మళ్లీ కలపండి. ఉంటే మాత్రం ఆ బిడ్డ వాడే ల్యాప్‌టాప్‌ని ముట్టుకోకండి. మిగతా వాటిలోనే తీయండి.

తర్వాత “పర్మిషన్ డినైడ్” అని రావచ్చు. అది వేరే సంగతి. మీ యూజర్‌ని డయల్‌అవుట్ అనే గ్రూపులో చేర్చాలి. మోడెమ్‌తో ఫోన్ డయల్ చేసే రోజుల నాటి పేరది, సీరియల్ పోర్టుల హక్కు ఇంకా దాని చేతిలోనే ఉంది. చేర్చాక లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవండి. చాలామంది ఇది చేయక, చేర్చినా పనిచేయలేదని రాస్తారు.

ప్రశ్న: ఆర్డుయినో నానో బోర్డుకి “నాట్ ఇన్ సింక్” అని పదిసార్లు వచ్చి ఆగిపోతోంది. ఏం చేయాలి?
— మియాపూర్ నుంచి

జవాబు: ఆర్డుయినో సాఫ్ట్‌వేర్ మెనూలో ప్రాసెసర్ అన్నచోట “ఓల్డ్ బూట్‌లోడర్” ఎంచుకోండి. 2018 జనవరి నుంచి వచ్చిన అసలు నానోల్లో కొత్త బూట్‌లోడర్ (బోర్డులో ఉండి ప్రోగ్రామ్‌ని అందుకునే చిన్న సాఫ్ట్‌వేర్) ఉంది, అది 1,15,200 వేగంతో మాట్లాడుతుంది. మార్కెట్లో దొరికే నకళ్లలో చాలావాటికి ఇంకా పాతదే, దాని వేగం 57,600. ఇద్దరూ రెండు వేగాల్లో మాట్లాడుతుంటే సింక్ ఎలా కుదురుతుంది! అది కాకపోతే, ప్రోగ్రామ్ వచ్చే సీరియల్ లైన్‌వే అయిన 0, 1 పిన్నులకి బ్లూటూత్ మాడ్యూలో జీఎస్‌ఎం మాడ్యూలో కలిపి ఉంటారు. ప్రోగ్రామ్ ఎక్కించేటప్పుడు ఆ రెండు వైర్లు విప్పండి.

గత నెల జవాబుకి వచ్చిన ఉత్తరం: మేడమ్, బోర్డు కనెక్ట్ అవడం లేదని రాస్తే మీరు డ్రైవర్ మార్చమన్నారు, పోర్టు నంబర్ మార్చమన్నారు, అన్నీ చేశాను. చివరికి మా తమ్ముడు వాడి ఫోన్ కేబుల్ పెడితే టక్కున కనెక్ట్ అయింది. నాది బ్లూటూత్ స్పీకర్‌తో వచ్చిన కేబుల్.
— ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుల్ అది. లోపల డేటా తీగలు ఉండవు. బోర్డు మీద లైటు వెలుగుతుంది కాబట్టి కేబుల్ బాగుందనుకుంటాం. మొదటి ప్రశ్నగా అదే అడగాల్సింది, అడగలేదు. తప్పు నాదే. మా ఇంట్లో అలాంటివి రెండు దొరికాయి. ఒకదాన్ని కోసి చూశాను, ఎర్రదీ నల్లదీ రెండే తీగలు. వాటిని అయిదు వోల్టుల ఫ్యాన్‌కి కలిపేశాను, ఇప్పుడు బెంచి మీద టంకం పొగ తోలుతోంది. రెండోదాన్ని మా మనవడు ఎక్కడో దాచేశాడు, మళ్లీ ఏదో బోర్డుకి తగిలించే దాకా అది బయటపడదు.